గంగాళం మోగిన ఆదివారాలు

"ఏడుపు పాఠాలు పరీక్షకి మంచివి మేడం. ఏం రాసినా మార్కులేస్తారు."

ఈ మాట అన్నవాడు మూడో బెంచీలో కూర్చున్న ఒక బక్కపిల్లవాడు. తరగతంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేదు. వాడు ఏడుపు పాఠం అన్నది నేను రాసినదాన్నే.

సంగతి ఏమిటంటే, టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నా చిన్నతనం గురించి ఒక చిన్న పుస్తకం రాసుకున్నాను. అందులో ఆకలి తప్ప పెద్ద విశేషాలేమీ లేవు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల ఇప్పుడు ఇందుకూరుపేట పక్కన ఒక బడిలో తెలుగు టీచరు. ఆ పుస్తకంలో మా చెల్లెలు పోయిన కాలం గురించి ఉన్న అధ్యాయాన్ని తొమ్మిదో తరగతిలో చదివించాలని దాని కోరిక. "కానీ మేడం, ఇట్టాంటి కష్టాల కతలు పిలకాయలకి ఎందుకని కొందరు అమ్మానాన్నలు అంటుండారు. అందుకే అధ్యాయం చేతికిచ్చి, తరగతిలో పాఠంగా పెట్టాలా వద్దా మీరే మాట్లాడుకోండని పిలకాయలకే చెప్పినాను. మీరు కూడా వచ్చి వెనక కూర్చోండి" అంది. నా మీద పంచాయితీ పెట్టి నన్నే పిలుస్తావా అని నాలుగు తిట్టి, వెళ్ళాను. వెనకెందుకు కూర్చుంటాను? ముందే కుర్చీ వేయించుకున్నాను.

జడలో కనకాంబరాలు పెట్టుకున్న పిల్ల లేచింది. "చదవాల మేడం. ఇట్టాంటివి చదివితే మాకు అన్నం విలువ తెలుస్తాది."

ఇంట్లో అద్దం ముందు నేర్చుకుని వచ్చినట్టుంది పాపం. మీకు అన్నం విలువ తెలియడానికి మా చెల్లెలు చచ్చిపోవాలా తల్లీ అని నోటిదాకా వచ్చింది. నాకసలే నోటి దురుసు. పసిపిల్ల గదా అని మింగేశాను.

కిటికీ పక్కన కుర్రవాడు చెయ్యెత్తి ఆగకుండానే మొదలుపెట్టాడు. "మీ అమ్మది తప్పు మేడం. ఇంట్లో పసిబిడ్డని పెట్టుకోని ఎవురన్నా బియ్యం తీసకపోయి చర్చిలో పోస్తారా?"

"ఒరే, కూర్చో!" అని టీచరు కసిరింది.

"ఉండనీవే, అననీ వాణ్ణి" అన్నాను. కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకున్నాను. ఆ మాటే మా అవ్వ అంది ఆ రోజుల్లో. పైకి అనలేదు గానీ నేనూ అనుకున్నాను, చాలా ఏళ్ళు.

ఇంతలో ఇంకొకడు వెనక బెంచీ వైపు వేలు చూపించాడు. "మేడం, ఈ పాఠం దానికి బాగా తెలుసు. వాళ్ళింట్లో కూడా ఇట్నే." కొందరు కిసుక్కుమన్నారు. వాడిలో చెడు ఏమీ లేదు, నవ్వించాలనే వాడి తాపత్రయం.

ఆ పిల్ల లేచి నిలబడింది. చొక్కా చేతులు మోచేతుల పైకి కురచైపోయి ఉన్నాయి. "మాకేం తక్కువ ల్యా" అంది ముందు వాడితో. తర్వాత నా వైపు తిరిగి, "మేడం, ఒక మాట అడగనా? మీ అమ్మ ఎవురికీ తెలీకూడదనే గదా అంత చేసింది. అంత దాచుకునింది గదా. దాన్నిప్పుడు ఇట్ట అందరి ముందర గట్టిగా చదివితే, దాచుకునేవాళ్ళు యాడ దాచుకుంటారు?" అని అడిగింది.

అడిగి కూర్చుని తల వంచుకుంది. టీచరు ఏదో చెబుతోంది. నాకు అవేవీ వినబడలేదు. ఇత్తడి గంగాళంలో బియ్యం పడుతున్న చప్పుడు వినబడింది.

మా ఊరు సముద్రానికీ కాలవకీ మధ్య ఉండేది. ఆ కాలవలో ఇప్పుడు గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు. అప్పుడు పడవలు తిరిగేవి. సరుగుడు కట్టెలూ ఉప్పూ వేసుకుని మద్రాసు దాకా పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్ళు. మా నాయన ఆ తాడు లాగే మనిషి. పోయాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చిన రోజు ఆయన చొక్కా తారు వాసన వేసేది, సంచీ మురుకుల వాసన వేసేది. నేనూ తమ్ముడూ ముందు సంచీ దగ్గరికి, ఆ తర్వాత నాయన దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. "నాయన మీద కంటే మురుకుల మీదే ప్రేమ ఈ దొంగనాయాళ్ళకి" అని అవ్వ తిట్టేది.

అవ్వ అంటే నాయన తల్లి. వంటలో ఆమెను మించినవాళ్ళు లేరని ఆమె నమ్మకం. మామిడికాయ వేసి చేపల పులుసు పెడితే మర్నాటిదాకా ముట్టుకోనిచ్చేది కాదు. ఇల్లంతా ఆ వాసనతో నిండిపోయి ఉంటే మేం పులుసు దాక చుట్టూ పిల్లుల్లా తిరిగేవాళ్ళం. ఊళ్ళో ఎటు పోయినా ఎండుచేపల వాసనా, సరుగుడాకు కాలే పొగా. సాయంత్రాలు ఇసుకలో ఎండ్రకాయల, అదే పీతల, బొరియల్లో పుల్లలు పెట్టి వాటిని రెచ్చగొట్టేవాళ్ళం. ఒకసారి తమ్ముడు ఒక ఎండ్రకాయను చొక్కా జేబులో వేసుకుని చర్చికి తెచ్చాడు. పాస్టరయ్య కళ్ళు మూసి ప్రార్థన చేస్తున్నప్పుడు అది ఆడవాళ్ళ వరుసలోకి పోయింది. ఆ రోజు ఆమెన్ కంటే ముందు కేకలు వినబడ్డాయి.

మా పేటలో అందరం చర్చివాళ్ళమే. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరు చెప్పి చిన్న ముంతలో వేసేది. వండిన పూటకి ఒక పిడికెడు. వండని పూటకి లేదు. ఆదివారం ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముంతలు పట్టుకుని ముందుకు పోయి, బల్ల దగ్గర పెట్టిన ఇత్తడి గంగాళంలో పోసేవాళ్ళు. ఆరాధన అయిపోయాక సంఘపెద్ద ఆ బియ్యాన్ని సోలతో కొలిచి, ఊళ్ళో పొయ్యి వెలగని ఇళ్ళకు పంపేవాడు. మంచి ఆచారం, దానికి నేను వంక పెట్టను. కానీ ఎవరి ముంత చూస్తే వాళ్ళ ఇంట్లో ఆ వారం పొయ్యి ఏ మాత్రం వెలిగిందో అందరికీ తెలిసిపోయేది. ఆ సంగతి పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు.

మా పిల్లమూకకు తట్టింది. మేం దాన్ని ఆట చేసుకున్నాం. వెనక చాప మీద కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుని, బియ్యం పడే చప్పుడును బట్టి ఎవరి ముంతో చెప్పాలి. నిండు ముంత అయితే గంగాళం జలజలా చాలాసేపు మోగేది. సగం ముంత అయితే టపటపమని ఆగిపోయేది. నేను ఆ ఆటలో ఎప్పుడూ ఓడిపోలేదు.

ఆ యేడు తుపాను వచ్చింది. సముద్రం నీళ్ళు పొలాల్లోకి ఎక్కి చేతికొచ్చిన వరి ఎర్రగా మాడిపోయింది. కోతల్లేవు, కూలి లేదు. కాలవ గట్లు తెగి పడవలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మద్రాసు పోయిన నాయన ఎక్కడ చిక్కుకున్నాడో, అసలు ఉన్నాడో లేడో కబురు లేదు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, తమ్ముడు, ఇంకా కూర్చోవడం రాని చెల్లెలు.

మొదట్లో సంగటి తిన్నాం. తర్వాత నూకల గంజి. తర్వాత ఉప్పుపర్రల్లో, అంటే ఉప్పు తేలిన బీళ్ళలో మొలిచే ఆకు కోసుకొచ్చి, ఉప్పు పోయేదాకా నీళ్ళు వంచి వంచి ఉడికించి, దాంట్లో గుప్పెడు నూకలు వేసేది అమ్మ. ఎంత ఉడికించినా ఆ ఆకు నాలుక మీద సముద్రం లాగే ఉండేది. ఎండ్రకాయల్ని ఇప్పుడు ఆటకు పట్టడం లేదు. పేటలో పిల్లలందరం వాటి వెంట పడేసరికి అవీ దొరకడం మానేశాయి.

ఆదివారం గంగాళం మోత తగ్గిపోయింది. ఒక్కొక్క ముంత టపటపమని, కొన్ని అదీ లేకుండా. అమ్మ ముంత మాత్రం ఎప్పటిలాగే జలజలా మోగింది. "ఇది మా అమ్మది!" అని తమ్ముణ్ణి పొడిచి మరీ చెప్పేదాన్ని. ఆ మోత వింటే నా కడుపులో ఆకలి కూడా కాసేపు మరిచిపోయేదాన్ని.

ఆ బియ్యం ఎక్కడివో ఇంట్లో చూస్తూనే ఉన్నాం. తన వంతు పొయ్యి ఎక్కకముందే తీసి ముంతలో వేసి, ఉడికిన గంజి అంతా మాకే పోసేసేది అమ్మ. కుండలో వేసేవి నూకలే అయినా, ఆ పిడికెడు మాత్రం అంతకుముందు దాచిన మంచి బియ్యంలోంచి తీసేది.

"దేవుడికి ఆకలేస్తాదా మే?" అని అవ్వ ఒకరోజు అరిచింది. "బిడ్డకి పాల్లేవు. పీల్చి పీల్చి ఏడుస్తుండాది. ఆ ముంత తీసి వండు. నువ్వు తిను."

"ఆయన వస్తాడత్తా. వచ్చేదాకా మన సంగతి బయట పడగూడదు."

"పడితే ఏమైపోతాదంట?"

అమ్మ పొయ్యి ఊదుతూ చెప్పింది. "నేను గంగాళం బియ్యం తిని పెరిగినాను. మా నాయన చచ్చిపోయినాక వారం వారం మా గుమ్మంలోకి తెచ్చి కొలిచి పోసేవాళ్ళు. బళ్ళో నన్ను పేరు పెట్టి పిలవలా ఎవురూ. గంగాళం పిల్లా, గంగాళం పిల్లా అనేవాళ్ళు. నా బిడ్డల్ని అట్ట అననియ్యను."

నేను తడిక అవతల నిలబడి విన్నాను. అమ్మకు ఆ పేరు ఉండేదని నాకు అప్పుడే తెలిసింది.

ముంత నిండుగా ఉన్న ఇల్లని సంఘపెద్ద పంపకం పని అమ్మకే అప్పగించాడు. "నీ ఇంట దేవుడు చల్లగా చూసినాడమ్మా. నువ్వే పోయి ఇచ్చి రా" అన్నాడు. అమ్మ చంకలో చెల్లెలు, నెత్తిన బియ్యం గంప. వెనక నేను సోల పట్టుకుని. ఇల్లిల్లూ తిరిగి పోసి వచ్చాం. గంపలోంచి ఆ బియ్యం వాసన నా ముక్కుకు తగులుతూనే ఉంది. పచ్చి బియ్యానికి అంత వాసన ఉంటుందని కడుపు నిండినవాళ్ళకు చెప్పినా నమ్మరు.

కాలవ గట్టు మీద చివరి ఇంట్లో ఒక ముసలామె చేట పట్టింది. పోయించుకుంటూ అమ్మ మొహంలోకి చూసింది. "ఏందే, ఇట్ట చిక్కిపోయినావు?"

"బిడ్డ పాలు తాగతాది గదవ్వా, అందుకే" అని అమ్మ నవ్వింది.

తిరిగి వస్తూ అడిగాను. "అమ్మా, మనకి?"

"మనం ఇచ్చేవాళ్ళం మే" అంది అమ్మ. మే అని నన్ను పెద్దదానిలా పిలవడం అదే మొదటిసారి.

చెల్లెలు ఒక మధ్యాహ్నం పోయింది. ఏడవడం అంతకుముందే మానేసింది. మేం అదే మంచిదనుకున్నాం, పాప నెమ్మదించిందని. అమ్మ ఒళ్ళో పెట్టుకుని ఊపుతూ ఉంది. అవ్వ వచ్చి పాప నోటి దగ్గర చెయ్యి పెట్టి చూసి, అమ్మ భుజం మీద తల ఆనించి కూర్చుండిపోయింది. అమ్మ ఊపడం మానలేదు. పాపను సరుగుడు తోపులో పూడ్చిపెట్టారు. ఆ రోజు ఏం జరిగిందో అంతా నాకు గుర్తుంది గానీ ఇంతకంటే చెప్పలేను. పుస్తకంలోనూ ఇక్కడే ఆగిపోయాను. తర్వాతి మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ తరగతిలో, తల వంచుకున్న ఆ పిల్లను చూశాక, మిగిలింది చెప్పాలనిపించింది. చెప్పాను.

ఆ వచ్చిన ఆదివారం అమ్మ ముంత పట్టుకుని చర్చికి వచ్చింది. అవ్వ వద్దంది, వినలేదు. పిల్లలం వెనక చాప మీద కూర్చున్నాం. ఎవడో కళ్ళు మూసుకోమన్నాడు, పిల్లలకేం తెలుసు. నేనూ మూసుకున్నాను. టపటప. టపటప. తర్వాత ఏమీ వినబడలేదు. ఎంతసేపటికీ వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే గంగాళం మీద అమ్మ ముంత బోర్లించి పట్టుకుని నిలబడి ఉంది. అందులోంచి ఒక్క గింజ రాలలేదు.

పాస్టరయ్య భార్య, మా పాస్టరమ్మగారు, లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"వారం వారం విన్నారు గదమ్మగారూ" అంది అమ్మ. "బాగా మోగింది గదా."

పాస్టరమ్మగారు అక్కడే కింద కూలబడి బావురుమంది. ఆడవాళ్ళందరూ ఏడ్చారు. అమ్మ ఏడవలేదు. ముంత కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది.

ఆ వారమంతా ఎవరో ఒకరు మా గుమ్మంలో ఏదో ఒకటి పెట్టిపోయారు. తమ దగ్గరే లేని రోజుల్లో ఎక్కడ తెచ్చారో. మళ్ళీ ఆదివారానికి బల్ల దగ్గర గంగాళం లేదు. చర్చి పక్కన చిన్న గదిలో ఒక మట్టి బాన పెట్టి, మూతికి గుడ్డ కట్టి, చెయ్యి పట్టేంత చీలిక పెట్టించింది పాస్టరమ్మగారు. "ఒక్కొక్కరే లోపలికి పోండి. తలుపేసుకోండి. ముంత కొంగు కిందే ఉంచుకోండి. ఉన్నవాళ్ళు పోయండి, లేనివాళ్ళు తీసుకోండి. ఎవురు ఏం చేసినారో ఎవురూ అడగొద్దు" అని చెప్పింది. సంఘపెద్ద గొణిగాడు, అట్టయితే దొంగలకి దొరతనం ఇచ్చినట్టేనని. ఆమె అతని వైపు చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు. మట్టి బాన మోగదు. మా ఆట ఆ రోజుతో సరి.

అందరికంటే ముందు అమ్మను పంపారు. అమ్మ కొంగు కింద ముంతతో లోపలికి పోయింది, కొంగు కింద ముంతతోనే బయటికి వచ్చింది.

నాయన చాలా రోజుల తర్వాత వచ్చాడు, గట్టు వెంట నడిచి. సంచీ మురుకుల వాసన వేయలేదు. గుమ్మంలో నిలబడి "పాప ఏది?" అన్నాడు. తమ్ముడు సరుగుడు తోపు వైపు చెయ్యి చూపించాడు.

చెప్పడం అయిపోయింది. మార్కుల పిల్లవాడు చొక్కాతో ముక్కు తుడుచుకుంటున్నాడు. వెనక బెంచీ పిల్ల తలెత్తి చూస్తోంది. టీచరు బల్ల దగ్గరికి వచ్చి, "సరే, పాఠంగా పెట్టాలనేవాళ్ళు చేతులెత్తండి" అంది.

"చేతులెత్తొద్దు" అన్నాను గట్టిగా. "నువ్వు గట్టిగా చదివించనూ వద్దు, ప్రశ్నలు అడగనూ వద్దు. ఆ వరండా చివర పుస్తకాల బీరువా ఉంది చూడు. దాంట్లో పెట్టు. తాళం వెయ్యొద్దు. కావలసినవాళ్ళు తీసుకుంటారు."

"ఎవరు తీసుకున్నారో రాసుకోవద్దా మేడం?"

"వద్దన్నాను గదా! తెలుగులోనే చెప్పాను గదా!" అని కసిరాను. పిల్లలు నవ్వారు. వెనక బెంచీ పిల్ల కూడా నవ్వింది, పళ్ళు కనబడకుండా.

బడి నుంచి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు. మా ఊరి సరుగుడు తోపు ఉండిన చోట కూడా ఇప్పుడు గుంటలే. చెల్లెలు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేను.

అమ్మ ముసలితనంలో చాలాకాలం నా దగ్గరే ఉంది. ఎన్నెన్ని కబుర్లు చెప్పుకున్నామో లెక్కలేదు. ఆ మొదటి ఆదివారం బానలో బియ్యం పోశావా, తీసుకున్నావా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగొద్దని పాస్టరమ్మగారు చెప్పింది గదా. కానీ అది గుర్తొచ్చిన ప్రతిసారీ ఒకటే అనుకుంటాను, ఇప్పుడు బస్సులోనూ అదే అనుకుని ఏడ్చాను. ఆ బాన ఇంకొన్ని ఆదివారాలు ముందే పెట్టి ఉంటే, అమ్మ దాంట్లో చెయ్యి పెట్టి తీసుకునేది. తప్పకుండా తీసుకునేది. చెల్లెలికి ఇప్పుడు మనవలు ఉండేవాళ్ళు.